ఆ ప్రశ్నకు జవాబు (సి) కాదండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ పత్రిక పోటీ పరీక్షల పేజీలో పాలిటీ ప్రశ్నలు వేశారు. వాటిలో ఒకటి: "లోక్‌సభ స్పీకర్ పదవి ఖాళీ అయినప్పుడు సభకు అధ్యక్షత వహించేది ఎవరు? (ఎ) ప్రధానమంత్రి (బి) డిప్యూటీ స్పీకర్ (సి) ఉపరాష్ట్రపతి (డి) అందరికన్నా సీనియర్ సభ్యుడు". పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, తలకిందులుగా, జవాబు (సి) అని వేశారు. అది తప్పు. మామూలుగా అయితే ఇన్‌లాండ్ కవరు మీద నాలుగు ముక్కలు రాసి ఊరుకునేవాణ్ణి. ఈసారి ఉత్తరం పెద్దదైపోయింది, క్షమించాలి.

నేను కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పాఠాలు చెప్పిన మాస్టారిని కాను, పుస్తకాలిచ్చిన మాస్టారిని. అయినా ఊళ్లో అందరూ మాస్టారనే పిలుస్తారు. రిటైరయ్యాక కూడా పొద్దున్న ఎనిమిదింటికల్లా అక్కడికే పోతాను. కొత్తగా వచ్చిన అబ్బాయి మంచివాడు, నన్ను పొమ్మనడు. గ్రూప్-2కి చదువుకునే పిల్లలు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. మీ పేపరు వచ్చీ రాగానే ఆ పోటీ పరీక్షల పేజీని ఊడదీసుకుని పోతారు. మిగతా పేజీలు మాలాంటి ముసలాళ్లకు.

ఆ రోజు వాళ్లలో ఒకమ్మాయి పేపరు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, (సి) ఎలాగండీ? ఉపరాష్ట్రపతి రాజ్యసభకు కదండీ?" అంది. పక్కనున్న కుర్రాడు, "పేపర్లో వేశారంటే రైటే అయ్యుంటదిలే" అన్నాడు. సంపాదకులవారూ, మీరు గమనించవలసింది ఆ కుర్రాడి మాట. అచ్చులో కనబడిందంటే అది వాళ్లకు వేదం. రేపు పరీక్ష హాల్లో వాడు (సి) దగ్గర సున్నా నింపి వస్తాడు.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు. రెండు సభలు, రెండు కుర్చీలు, పని ఒకటే కాబట్టి ఒకటి ఖాళీ అయితే రెండోవాళ్లు వచ్చి కూర్చుంటారనుకుంటారు. కానీ ఆ రెండు కుర్చీలూ రెండు వేరే ఊళ్లనుంచి వచ్చినవి. లోక్‌సభ స్పీకర్ కుర్చీ లండన్ నుంచి తెచ్చుకున్నది. సభలో సభ్యుడై ఉండాలి, సభ్యులే ఎన్నుకోవాలి, ఓట్లు సమానంగా చీలితే తప్ప తాను ఓటు వేయకూడదు. రాజ్యసభ చైర్మన్ కుర్చీది అమెరికా పోలిక. అక్కడ ఉపాధ్యక్షుడు సెనేట్‌కు అధ్యక్షుడైనట్టు ఇక్కడ ఉపరాష్ట్రపతి రాజ్యసభకు చైర్మన్. ఆయన ఆ సభలో సభ్యుడే కాడు. అలాంటిది పక్క సభలోకి వచ్చి కూర్చోవడమనే మాటే లేదు. పైగా రెండు సభలూ ఒకచోట కలిసి కూర్చున్నా అధ్యక్షత స్పీకర్‌దే, చైర్మన్‌ది కాదు. తివాచీల రంగులు మాత్రం రెండు సభలకూ లండన్‌వే. దిగువ సభకు ఆకుపచ్చ, ఎగువ సభకు ఎరుపు. టీవీలో చూస్తే ఏ సభ నడుస్తోందో పేరు చదవకుండానే చెప్పవచ్చు. మా బల్ల దగ్గరి పిల్లలకు నేను మొదట నేర్పే చిట్కా అదే.

ఆ అమ్మాయికి ఇదంతా చెబితే నమ్మలేదు. "ఆధారం ఉందాండీ?" అంది. ఉందమ్మా అని బీరువా తీసి 2002 మార్చి పేపర్ల బైండు బయటికి లాగాను. అట్ట ఊడిపోయి ఉంది, అంచులు చెదలు కొట్టేసింది. మార్చి 4వ తేదీ నుంచి పేపర్లు మాత్రం చదవడానికి వీలుగా ఉన్నాయి.

మార్చి 3 ఆదివారం. మాకు సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజు గ్రంథాలయం తెరిచే ఉంది. పొద్దున్న పేపర్లు బల్లల మీద సర్దుతుంటే ఎవరో పరిగెత్తుకొచ్చి బాలయోగి గారి హెలికాప్టర్ కూలిపోయిందన్నారు. కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర. మా ఎదుర్లంక మనిషి, అమలాపురం నుంచి మూడుసార్లు గెలిచినవాడు, లోక్‌సభ స్పీకర్ అయిన మొదటి దళితుడు. ఒక్కసారిగా లేకుండా పోయాడు. మర్నాడు పేపరు కోసం గుమ్మం దాకా జనం. ఒకరు చదివితే ఇంకొకరికి అందేలా లేదని నేనే పేపర్లన్నీ కాగితం కాగితంగా విడదీసి పంచాను. గ్రంథాలయ నిబంధనల ప్రకారం అది తప్పు. ఇన్నేళ్లలో నేను చేసిన ఆ ఒక్క తప్పుకు నన్నెవరూ అడగలేదు.

అమ్మాయికి నేను చూపించింది అప్పటి ఏడుపుల వార్తలు కాదు, ఆ తర్వాతి రోజులవి. అప్పుడు పార్లమెంటు బడ్జెట్ సమావేశాల్లో ఉంది. స్పీకర్ లేడు. అయినా సభ ఆగలేదు. డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ ఆ బాధ్యతలు తీసుకున్నారు. ఆయనది లక్షద్వీప్, కాంగ్రెస్ పార్టీ. అంటే ప్రతిపక్షం. మే నెలలో మనోహర్ జోషి స్పీకర్‌గా ఎన్నికయ్యేదాకా రెండు నెలల పైచిలుకు ఆ సభను నడిపింది ఈయనే.

ఆ రెండు నెలలు కూడా మామూలు రోజులు కావు. ఉగ్రవాద నిరోధక బిల్లును, అదే పోటాను, లోక్‌సభ ఆమోదించింది, మార్చి 21న రాజ్యసభ తిప్పికొట్టింది. దాంతో మార్చి 26న సెంట్రల్ హాల్లో ఉభయ సభల సంయుక్త సమావేశం పెట్టవలసి వచ్చింది. రెండు సభలకూ పొసగని బిల్లు కోసం సంయుక్త సమావేశం జరగడం మన చరిత్రలో అది మూడోసారి. 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, ఆపైన ఇది. (ద్రవ్య బిల్లులకూ రాజ్యాంగ సవరణలకూ ఈ దారి లేదు, ఈ ముక్క పరీక్షల్లో తరచూ అడుగుతారు.) మొత్తం సభ్యుల్లో 425 మంది అవునన్నారు, 296 మంది కాదన్నారు. అధ్యక్షస్థానంలో సయీద్. బిల్లును ఆయన సొంత పార్టీయే వ్యతిరేకించింది. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఆ విషయం అడ్డు రాకూడదు, రాలేదు.

"ఓహో, అయితే (బి) అన్నమాట" అని అమ్మాయి వెళ్లబోయింది. నాకు ఆపాలనిపించింది. 1956 ఫిబ్రవరిలో తొలి స్పీకర్ మావళంకర్ కూడా పదవిలో ఉండగానే చనిపోయారు. పదవిలో ఉండగా పోయిన లోక్‌సభ స్పీకర్లు ఆయనా, మా బాలయోగి గారూ, ఇద్దరే. అప్పుడు డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నది మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1952 మే నెలలో స్పీకర్ ఎన్నిక జరిగితే అదే నెలలో ఆయన్ని డిప్యూటీ స్పీకర్‌గా ఎన్నుకున్నారు. ఎవరూ రేపు చూద్దాంలే అనలేదు. మావళంకర్ పోయాక మార్చిలో ఆయనే స్పీకర్ అయ్యారు. 1961 నాటి ఆ మొదటి సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించిందీ ఆయనే. అంటే రెండుసార్లూ డిప్యూటీ స్పీకర్ అవసరం పడింది, రెండుసార్లూ మనవాళ్లకు దాంతో సంబంధం ఉంది. ఒకసారి ఖాళీని నింపినవాడు మనవాడు, ఇంకోసారి ఖాళీ చేసి పోయినవాడు మనవాడు.

కథ ఇక్కడితో ఆగితే నేను ఉత్తరం రాసేవాణ్ణి కాను. ఆ అమ్మాయి తన నోట్సు తీసి ఒక పట్టిక చూపించింది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, లోక్‌సభ స్పీకర్, రాజ్యసభ డిప్యూటీ చైర్మన్, అందరి పేర్లూ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ ఎదురుగా గడి తెల్లగా ఉంది. "ఇక్కడ ఏం రాయాలండీ? నెట్‌లో వెతికితే తంబిదురై అని వస్తోంది" అంది.

తంబిదురై గారు 2014 ఆగస్టులో ఎన్నికయ్యారు, ఆ సభతోపాటే 2019లో ఆయన పదవీ పోయింది. ఆ తర్వాత వచ్చిన 17వ లోక్‌సభ అయిదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేకుండానే ముగిసిపోయింది. మునుపెన్నడూ అలా జరగలేదు. 18వ సభ 2024 జూన్‌లో కొలువుదీరింది. స్పీకర్‌ను ఎన్నుకున్నారు. ఏడాది దాటింది, రెండో కుర్చీ ఊసే లేదు. రాజ్యాంగం 93వ అధికరణంలో "సాధ్యమైనంత త్వరగా" ఇద్దరు సభ్యులను ఎన్నుకోవాలని ఉంది. ఇద్దరినీ ఒకే వాక్యంలో చెప్పింది. ఒకరిని ఎన్నుకుని రెండోవారిని వదిలేయమని లేదు. కానీ గడువు ఇన్ని రోజులని కూడా లేదు. లోక్‌సభ నియమావళి ఎనిమిదో నియమం ప్రకారం డిప్యూటీ స్పీకర్ ఎన్నిక తేదీ నిర్ణయించేది స్పీకరే. కిటుకంతా అక్కడుంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయమై కేంద్రాన్ని వివరణ అడిగింది కూడా.

ఒక పార్టీని తిట్టడానికి రాస్తున్నానని మీరు అనుకోవద్దు. బాలయోగి గారు 1998 మార్చిలో మొదటిసారి స్పీకర్ అయినప్పుడు కూడా సయీద్ ఎన్నిక డిసెంబరుదాకా జరగలేదు. ఆలస్యం అందరూ చేశారు. అసలు చేయకపోవడం మాత్రం కొత్త. మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 2024 నవంబరులోనే ఉపసభాపతిని ఎన్నుకున్నారు, కొంపలేమీ మునగలేదు.

కుర్రాడు మళ్లీ అడ్డం వచ్చాడు. "మరి సభ నడుస్తోంది కదండీ? స్పీకర్ లేనప్పుడు ఎవరో ఒకరు కూర్చుంటున్నారు కదా, టీవీలో చూస్తున్నాం" అన్నాడు. తెలివైన ప్రశ్నే. అలా కూర్చునేవాళ్లు ప్యానెల్ సభ్యులు. స్పీకర్ తానే ఒక పదిమంది దాకా పేర్లు ప్రకటిస్తారు. ఆయన భోజనానికి వెళ్లినా, ఊరెళ్లినా వాళ్లలో ఒకరు నడుపుతారు. అదంతా స్పీకర్ ఉన్నంతకాలం. స్పీకర్ పదవీ, డిప్యూటీ స్పీకర్ పదవీ రెండూ ఖాళీ అయితే ఆ ప్యానెల్‌కు సభ నడిపే అధికారం ఉండదు. అప్పుడు 95వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఒక సభ్యుణ్ణి నియమించాలి. రాష్ట్రపతి అంటే మంత్రివర్గం సలహా మీదనే కదా. అంటే సభ తన పెద్దను తాను ఎంచుకునేలోపు, ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో ప్రభుత్వం చెబుతుంది. 2024 జూన్‌లో ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ నియామకం మీద ఎంత రగడ అయిందో మీ పత్రికే రాసింది. అది ప్రమాణ స్వీకారాల కోసం, రెండు మూడు రోజుల పని. దానికే అంత గొడవ.

ఇంకో చిక్కు. 94వ అధికరణం ప్రకారం స్పీకర్ రాజీనామా చేయాలంటే ఆ కాగితం డిప్యూటీ స్పీకర్‌కు ఇవ్వాలి. డిప్యూటీ చేయాలంటే స్పీకర్‌కు. 1969లో మన నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి స్పీకర్ పదవి వదులుకున్నప్పుడు కాగితం ఇవ్వడానికి ఎదురుగా మనిషి ఉన్నాడు. ఇవాళ ఎవరైనా స్పీకర్ రాజీనామా చేయాలనుకుంటే దాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? స్పీకర్‌ను తొలగించే తీర్మానం సభ ముందుకు వస్తే ఆ చర్చకు ఆయన అధ్యక్షత వహించకూడదు, రాజ్యాంగమే చెబుతోంది. మరెవరు వహించాలి? మా గ్రంథాలయానికే రెండు తాళంచెవులుండేవి, ఒకటి నా దగ్గర, ఒకటి అటెండరు దగ్గర. 543 మంది కూర్చునే సభకు ఒక్కటే.

పక్క సభను చూడండి. 2025 జూలై 21న, వర్షాకాల సమావేశాల మొదటి రోజు సాయంత్రం ఉపరాష్ట్రపతి ధన్‌ఖడ్ ఉన్నట్టుండి రాజీనామా చేశారు. తెల్లారేసరికి రాజ్యసభలో డిప్యూటీ చైర్మన్ హరివంశ్ కుర్చీలో ఉన్నారు. సెప్టెంబరులో సి.పి. రాధాకృష్ణన్, మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారి మీద గెలిచి వచ్చేదాకా చైర్మన్ లేకుండానే ఆ సమావేశాలన్నీ జరిగిపోయాయి. ఎగువ సభకు ఆ ధీమా ఉంది. అది ఎప్పటికీ రద్దు కాదు, రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. (మీ పేజీలో ఇంకో ప్రశ్నకు "రాజ్యసభ పదవీకాలం 6 సంవత్సరాలు" అని కూడా ఉంది. ఆరేళ్లు సభ్యుడివి, సభవి కావు. దీన్నిగురించి ఇంకో ఉత్తరం రాయించకండి.) అయిదేళ్లకోసారి పూర్తిగా కొత్తగా కట్టుకోవలసిన లోక్‌సభకే రెండో మనిషి అవసరం ఎక్కువ. ఆ సభకే లేడు.

ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నామో వాళ్ల సంగతి కూడా ఒక మాట. బ్రిటన్ కామన్స్ సభలో స్పీకర్‌తో పాటు ముగ్గురు డిప్యూటీలుంటారు. ముగ్గురిలో ఇద్దరు స్పీకర్ ఏ పక్షం నుంచి వచ్చారో దానికి ఎదుటి పక్షం నుంచి రావాలి. అంటే నలుగురూ చెరి ఇద్దరు. స్పీకర్ అయినవాడు పార్టీని వదిలేస్తాడు. మన దగ్గర అలా చేసినవారు అరుదు. 1967లో కాంగ్రెస్ సభ్యత్వం వదులుకుని ఆ కుర్చీ ఎక్కిన సంజీవరెడ్డి గారు వారిలో మొదటివారు. డిప్యూటీ పదవి ప్రతిపక్షానికి ఇవ్వాలని మనకూ రాతలో లేదు, ఆనవాయితీ ఉంది. అది రాతలో లేదు కాబట్టి పక్కన పెట్టారనుకుందాం. 93వ అధికరణం రాతలోనే ఉందే!

కుర్చీకి అంత విలువ ఏమిటని అడిగేవాళ్లుంటారు. 1999 ఏప్రిల్ 17 గుర్తు చేస్తాను. వాజపేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో 269కి 270, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒరిస్సా ముఖ్యమంత్రి అయినా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా లేదా అన్నది ఆయన మనస్సాక్షికే వదిలేశారు బాలయోగి గారు. మా గ్రంథాలయంలో వారం రోజులు అదే గొడవ, పేకాట మానేసి మరీ వచ్చారు జనం. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వేసిన ఆ ఓటు వేయకుండా ఉంటే 269కి 269. అప్పుడు దేశం మొత్తంలో మిగిలిన ఒక్క ఓటు మా ఎదుర్లంక మనిషిది. "వేసుంటే ఎటు వేసేవాడంటావు?" అని ఒకాయన నన్ను ఇప్పటికీ అడుగుతుంటాడు. నాకేం తెలుసు.

ఇప్పుడు యానాం వెళ్లాలంటే పంటు కోసం రేవులో నిలబడే పని లేదు, బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన మీదుగా పది నిమిషాల్లో దాటేస్తున్నాం. మా ఎంపీ ఇప్పుడు ఆయన కుమారుడే. ఆ వంతెన మీద బళ్లు తోలుకుపోయే కుర్రాళ్లలో ఆయన పదవేమిటో చెప్పగలిగినవాళ్లు సగం మంది కూడా ఉండరు. వాళ్లను ఏమీ అనను, నేర్పవలసిన మనమే (సి) అని నేర్పుతున్నాం.

మిమ్మల్ని అడిగేది రెండే. ఆ పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో, సవరణ వేయండి: జవాబు (బి), 95వ అధికరణం. దాని కిందే ఇంకో వాక్యం, ప్రస్తుతం ఆ పదవి ఖాళీ, రెండూ ఖాళీ అయితే రాష్ట్రపతి నియమించే సభ్యుడు అని. ఆ ముక్క మీ ఆప్షన్లలో లేనే లేదు. రెండోది, పార్లమెంటు సమావేశాలు మొదలైన ప్రతిసారీ ఎన్ని బిల్లులు రాబోతున్నాయో బాక్సు కట్టి వేస్తారు కదా, అందులో డిప్యూటీ స్పీకర్ ఎన్నిక ఉందో లేదో ఒక్క లైను చేర్చండి. లేదని రాయవలసి వచ్చినా సరే రాయండి.

ఆ అమ్మాయి తన పట్టికలో ఆ గడిని పెన్నుతో నింపలేదు. పెన్సిల్‌తో "ఖాళీ" అని రాసుకుంది.

మీ విలేకరి ఎవరైనా ఇటు వస్తే 2002 మార్చి బైండు చూపిస్తాను. జాగ్రత్తగా తిప్పాలి. శుక్రవారం మాత్రం రావద్దు, సెలవు.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథాలయాధికారి,
ముమ్మిడివరం మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా